హారన్ దండం

కరీంనగర్ చుట్టుపక్కల ప్రశాంతంగా సైకిల్ తొక్కదగిన రోడ్డు ఒక్కటి కూడా మిగల్లేదని నేను ఎప్పుడో తేల్చుకున్నాను. ఒకవైపు పోతే గ్రానైట్ బండలు మోసే లారీలు, వాటి వెనక తెల్లటి దుమ్ము. పెద్దపల్లి వైపు తిరిగితే రైసు మిల్లుల ఊక లేచి సూటిగా కళ్ళలోనే పడుతుంది. మంచిర్యాల వైపు బొగ్గు టిప్పర్లు. ఆ దారిన పోయిన రోజు ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వచ్చేది. అన్నిటికంటే రోత, బస్సు కిటికీలోంచి గుట్కా ఉమ్మే మహానుభావులు. ఒకసారి ఆ ఎర్రటి ఉమ్ము తెచ్చి నా భుజం మీదే పడేశాడొకడు. నేను సైకిల్ ఆపి పైకి చూస్తే, "జర పక్కకు జరగాలె గదనే" అని నాకే బుద్ధి చెప్పాడు. బస్సు కదిలిపోయింది. నేను చొక్కా విప్పి సైకిల్ వెనక కట్టుకొని, బనీను మీద ఇల్లు చేరాను. మా ఆవిడ ఆ చొక్కాను కట్టెతో ఎత్తి బయట పారేసింది.

నేను ఒక ఆఫీసులో కుర్చీకి అతుక్కొని బతికే మనిషిని. షుగరు తగిలిందని తెలిసిన రోజు డాక్టరు సైకిల్ తొక్కమన్నాడు. తొక్కడం మొదలుపెట్టాక షుగరు తగ్గింది, కోపం పెరిగింది. ఆ కోపంలో సగం హారన్ల మీదే. మావాళ్ళు ఎదురొచ్చినవాణ్ణి పలకరించడానికి హారన్ కొడతారు, పలకరించినందుకు మారు కొడతారు. ఖాళీ రోడ్డు మీద చెయ్యి దురద పెట్టి కొడతారు. గేదెకు కొడతారు, గేటుకు కొడతారు, పెళ్ళికూతురు ఎక్కిన కారైతే ఊరు దాటేదాకా చెయ్యి తియ్యరు. దారి పక్కన గుడి కనిపిస్తే స్టీరింగ్ వదిలి దండం పెట్టడం కుదరదు కాబట్టి, దండానికి బదులు కూడా హారనే. దానికి నేను హారన్ దండం అని పేరు పెట్టుకున్నాను. ఆ దండం ఏ దేవతకైనా ఎట్లా ఇష్టమవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంక మిగిలింది ఆదిలాబాద్ గుట్టలు. మా అక్కను బోథ్ దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. ఆ ఊరు దాటితే గుట్టల మీదికి ఎక్కే ఒక పాత ఘాట్ రోడ్డు ఉంది. నాలుగు లైన్ల రోడ్డు వేరే దిక్కున పడ్డాక బండ్లన్నీ అటు మళ్ళి, ఈ దారిని అందరూ మరిచిపోయారు. పొద్దున ఒక బస్సు, మాపటికి ఒక బస్సు, మధ్యలో ఎప్పుడో పత్తి మోసే ట్రాక్టరు. రెండు వైపులా టేకు చెట్లు. వానాకాలం ఆ పెద్ద ఆకుల మీద చినుకులు పడే చప్పుడు, ఎండాకాలం రాలిన ఆకులు టైరు కింద నలిగే చప్పుడు, అంతే. ఇప్పపూల కాలంలో మలుపు మలుపుకూ తియ్యటి వాసన కమ్ముకునేది. ఆ రోడ్డు మీద మొదటిసారి ఎక్కినప్పుడు నాకు నా ఊపిరి నాకే వినిపించింది. ఇన్నేళ్ళ తర్వాత మనుషుల మీద కోపం లేకుండా ఒక పూట గడిపానని ఆ రోజు అనిపించింది.

నా పాత సైకిల్ ఒకటి అక్క ఇంట్లోనే పెట్టాను. సెలవు దొరికితే బస్సెక్కి వెళ్ళి, ఆ ఘాట్ ఎక్కి దిగి, అక్క చేతి జొన్నరొట్టె తిని వచ్చేవాణ్ణి. ఆ సైకిల్‌కు రెండో యజమాని మా బావ.

బావ చాలా ఏళ్ళు గల్ఫ్‌లో ఉండి వచ్చాడు. అక్కడ ఇనుప రేకులు కోసే షెడ్డులో పని. ఒళ్ళు బాగానే ఉంది గానీ చెవులు అక్కడే చెడిపోయాయి. చెవుడు వచ్చినా బాగుండేది. ఆయనకు వచ్చింది దానికి తిరగబడ్డ జబ్బు. మెల్లటి మాటలు సరిగ్గా వినపడవు, పెద్ద చప్పుడైతే మాత్రం చెవిలో మేకు దిగినట్టు ఉంటుంది. స్టీలు గిన్నె కింద పడితే ఎగిరిపడేవాడు. పెళ్ళిళ్ళలో డీజే పెట్టగానే చెప్పులు కూడా వేసుకోకుండా పొలాల వైపు నడిచిపోయేవాడు. రాత్రిళ్ళు నిద్ర లేదు. కరీంనగర్‌లో చెవుల డాక్టరుకు నేనే చూపించాను. నరం దెబ్బతింది, మందు లేదు, చప్పుళ్ళకు దూరంగా ఉండండి, ఒళ్ళు అలిసేలా ఏదైనా చెయ్యండి అన్నాడు.

నా పాత సైకిల్ బావ ఎక్కాడు, నేను ఊళ్ళో ఒకటి అడిగి తెచ్చుకున్నాను. మొదటి రోజు నా వెంట సగం గుట్ట దాకా వచ్చి, రొప్పుతూ ఒక బండ మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకొని చాలాసేపు కదల్లేదు. "ఏం బావా, పాణం మంచిగ లేదా?" అన్నాను. "సప్పుడు లేదు రా బామ్మర్దీ," అన్నాడు. ఆ రాత్రి ఆయన తెల్లారేదాకా లేవకుండా పడుకున్నాడని మర్నాడు అక్క ఊరంతా చెప్పుకుంది. అప్పటినుంచి అదే లెక్క. గుట్ట ఎక్కిన రోజు నిద్ర. ఎక్కని రోజు మెలకువ, మర్నాడంతా చిరాకు, ఇంట్లో కేకలు.

అక్కకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా నోరు ఊరుకోదు. "అరబ్బు దేశం కెళ్ళి అచ్చిండు, ఆరెకరాలున్నది, ఇగ సైకిలేస్కొని గుట్టలల్ల తిరుగుతుండు. పశులు గాసెటోడు నయం గద," అనేది ఆయన ముందే. చెమటతో ఇంట్లోకి వస్తే, మట్టి కాళ్ళతో వస్తే, అన్నం చల్లారాక వస్తే, వేటికవే వేరువేరు తిట్లు. బావకు మెల్లటి మాట వినపడదని ఆమె తిట్లు కూడా ఆయనకు అందే మోతాదులో, చెవి దగ్గరకు వచ్చి తిట్టేది. ఆయన నవ్వుతూ తల ఊపేవాడు. ఆ ఇంట్లో కూర్చొని వాళ్ళిద్దర్నీ చూడడం నాకు ఇష్టంగా ఉండేది.

బావ పడిపోయింది ఒక ఆదివారం. ఇద్దరం ఘాట్ దిగుతున్నాం. బావ ముందు, నేను కొంచెం వెనక. రోడ్డు కొండను చుట్టి ఒక్కసారిగా తిరిగే మూలమలుపు ఒకటుంది. దానికి కాస్త ముందు వెనకనుంచి ఒక కారు వచ్చింది. జలపాతం చూడడానికి పోతున్న కుర్రాళ్ళు. రోడ్డు కావలసినంత ఖాళీగా ఉంది. మేము అంచున ఉన్నాం. అయినా ఆ డ్రైవరు కొట్టాడు. మామూలు హారన్ కాదు, పాట పాడినట్టు మెలికలు తిరిగి గుట్టకు తగిలి మళ్ళీ వచ్చే హారన్. నా కళ్ళముందే బావ చేతులు రెండూ హ్యాండిల్ వదిలి చెవుల మీదికి పోయాయి. ఒక్క క్షణం సైకిల్ దానంతట అది నడిచింది. తర్వాత రాళ్ళలోకి పోయింది.

భుజం ఎముక విరిగింది, మోకాలు చీరుకుపోయింది. న్యాయంగా చెప్పాలంటే ఆ కుర్రాళ్ళే కారులో ఎక్కించుకొని ఆదిలాబాద్ దవాఖానకు తెచ్చారు. ఆ కృతజ్ఞత నాకు ఉంది. కానీ అక్కడ వార్డులో డ్రైవరు కుర్రాడు అందరికీ వినపడేలా అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "నేను ఆరన్ కొట్టిన గదా సార్. కొట్టకపోతే నా తప్పు. కొట్టినంక నా తప్పేమున్నది?"

వార్డంతా తల ఊపింది. పక్క మంచం ముసలాయన, ఆయన కొడుకు, సెలైన్ మార్చడానికి వచ్చిన ఆమె, అందరూ. "ఆరన్ గొట్టిండు గదా పాపం, పిలగాడేం జేస్తడు," అన్నారు. ఆ హారన్ వల్లే పడ్డాడయ్యా అని నేను గొంతు పోయేలా చెప్పాను. వాళ్ళు నన్ను జాలిగా చూశారు. మా అక్క కూడా ఏడుస్తూ, "నువ్వు జర నోరు మూస్కో తమ్మీ, ఆ పిలగాడు దేవునోలె తెచ్చి ఏసిండు," అంది. నేను బయటికి వచ్చి, టీ సగం తాగి మిగతాది పారబోశాను.

ఆ తర్వాత అక్క ఒక శివసత్తిని అడిగింది. మా దగ్గర దేవత పూనే ఆడవాళ్ళను శివసత్తులంటారు. ఇంట్లో ఏ కష్టమొచ్చినా వాళ్ళను పిలిచి కారణం అడుగుతారు. ఆమె ఊగి ఊగి చెప్పింది: ఆ మూల మీద మైసమ్మ నిలువ నీడ లేకుండా తిరుగుతోంది, అడ్డమొచ్చిన మనిషిని తోసింది, నిలబెడితే కాపాడుతుంది. అక్క అక్కడికక్కడే మొక్కుకుంది. బావ భుజం అతికేలోపు ఆ మలుపు మీద మైసమ్మను నిలబెట్టింది. దాని కోసం ఆమె ఏం అమ్మిందో ఎవరి దగ్గర చేతులు చాచిందో నాకు చెప్పలేదు. నెలల తరబడి ఒక్కపొద్దు ఉన్నదని మాత్రం తెలుసు. మనిషి సగమైంది.

నేను మళ్ళీ వెళ్ళేసరికి గుడి తయారుగా ఉంది. రాయికి పసుపు కుంకుమ, పైన రేకు, అంతవరకు నాకు ఏ పేచీ లేదు. చుట్టూ గోడకు ఏ దుకాణంలో మిగిలినవో బాత్రూం టైల్సు అతికించారు. నీలం రంగు మీద తెల్ల చేపలు. పక్కన టేకు చెట్టుకు మేకులు కొట్టి కట్టిన పెద్ద ఫ్లెక్సీ. దాని మీద అక్క, బావ దండం పెడుతున్న ఫోటోలు. బావ బిక్కమొహం వేసుకొని ఉన్నాడు. నేను సైకిల్ ఆపి చూస్తుండగానే ఒక ఆటో వచ్చింది. మలుపు దగ్గర ఆగకుండానే మూడుసార్లు హారన్ కొట్టి పోయింది. వెనక ఒక మోటారుసైకిల్, అదీ మూడుసార్లు. తర్వాత బస్సు. ఆ డ్రైవరు భక్తుడు, మలుపు పొడుగునా కొట్టాడు.

బావ ఎందుకు పడ్డాడో అదే పని ఇప్పుడు ప్రతి బండీ అదే చోట భక్తిగా చేస్తోంది. నేను అక్కడే రోడ్డు మీద నిలబడి గట్టిగా తిట్టాను. ఎవరిని తిట్టానో నాకే తెలియదు.

గుడి వచ్చాక జనం వచ్చారు, జనం వెనక దావతులు వచ్చాయి. మొక్కు పేరు చెప్పి ఒక కోడి, కోడి పేరు చెప్పి నాలుగు కేసుల బీరు. కోడి ఈకలు టేకు ఆకులకు అంటుకొని గాలికి ఊగేవి. పేగులు అక్కడే గట్టు కింద పారేసేవాళ్ళు. తిన్న ప్లాస్టిక్ ప్లేట్లు కోతులు నాకి, ఆ నాకిన ప్లేట్లను రోడ్డు మీదికి లాక్కొచ్చేవి. ఒక కోతి నోట్లో బిర్యానీ కవరు ఇరుక్కొని, అది పీక్కోలేక పీక్కుంటుంటే నలుగురు పెద్దమనుషులు ఫోన్లలో వీడియో తీస్తూ నవ్వారు. కొబ్బరి చిప్పల్లో నిలిచిన నీళ్ళలో పురుగులు కదిలేవి. ఇప్పపూల వాసన వచ్చే చోట మాంసం కుళ్ళిన వాసన. పగిలిన సీసా ముక్కలకు నా టైరు ఎన్నిసార్లు పంక్చరయిందో చెప్పను. ఒకసారి పంక్చరు వేసుకుంటుంటే దావతుకు వచ్చిన ఒకాయన దగ్గరికొచ్చి, "గింత మంచి జాగల ఉమ్ముడు ఆపలేవా సారూ," అన్నాడు. పంపు కొడుతూ ఆయాసపడి పక్కకు ఒక్కసారి ఉమ్మాను, నిజమే. ఆయన వెనక వాళ్ళ మనిషి గుడి గోడ పక్కనే లుంగీ ఎత్తి నిలబడి ఉన్నాడు. ఆ రోజు నాకు మనిషి పుట్టుకే అసహ్యమనిపించింది.

వీటన్నిటి మధ్య అసలు ఆపద బావది. భుజం అతికాక ఆయన మళ్ళీ సైకిలెక్కాడు. మలుపుకు దూరంగానే దిగి, చెవుల్లో దూది కుక్కుకొని, సైకిల్ నడిపించుకుంటూ దాటాలని చూశాడు. గుడి దగ్గరికి వచ్చేసరికి ఒక ట్రాక్టరు. తిరిగి వచ్చేశాడు. మరో రోజు తెల్లవారుజామున పోయాడు. పాలబండి. ఊరు నుంచి గుట్టల మీదికి పోయే తారు రోడ్డు అదొక్కటే. మిగతావి పత్తి చేల బురద బాటలు. మెల్లగా మానేశాడు. నిద్ర మళ్ళీ పోయింది. కళ్ళ కింద నల్లటి సంచులు వేలాడాయి. అక్క మిక్సీ వేస్తే తల గోడకు గుద్దుకునేవాడు. ఆమె పాపం పప్పు తీసుకుపోయి పక్కింట్లో రుబ్బుకొచ్చేది.

"అక్కకు చెప్దాం బావా. గుడి ఉండనియ్యి, ఆ ఆరన్ మాట చెప్దాం," అన్నాను.

"వద్దు," అన్నాడు. "కడుపు మాడ్చుకొని కట్టిచ్చింది. నా పాణం కోసమే కట్టిచ్చింది. గా గుడితోనే నా పాణం పోతుందని ఎట్ల జెప్తవ్? ఆమె బతుకుతదా?"

నేను చెప్పకుండా ఊరుకున్నాను గానీ, చేతులు కట్టుకొని కూర్చోలేదు. ఒక రేకు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో "ఇక్కడ హారన్ కొట్టవద్దు" అని రాయించి, మలుపుకు రెండు వైపులా పాతాను. దాని పక్కన ఒక పూటంతా నిలబడ్డాను కూడా. బండి వాళ్ళు బోర్డు చదివి, నన్ను చూసి, నవ్వి, నాకు కూడా ఒక హారన్ కొట్టి పోయారు. తర్వాతిసారి వెళ్ళేసరికి బోర్డుకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన నిమ్మకాయల దండ వేశారు. అక్షరాలు కనిపించడం లేదు. ఒక ముసలావిడ దాని ముందు కొబ్బరికాయ కొడుతోంది. "ఇదేం దేవుడవ్వా?" అని అడిగాను. "ఏమో బిడ్డా, ఎర్రగున్నది, అమ్మదే అయితది," అంది.

గుడి కట్టిన ఏడాదికి బోనాలు పెట్టారు. కట్టించిన దంపతులు లేకుండా ఎట్లా? బావ రానన్నాడు. అక్క వినలేదు. "నీ పాణం నిలబెట్టిన తల్లి కాడికి రానంటవా? సిగ్గున్నదా నీకు? సైకిల్ మీదైతే ఎగురుకుంట పోతవ్," అని ఆయన చెవి దగ్గర నిలబడి తిట్టి తిట్టి తీసుకొచ్చింది. బావ రెండు చెవుల్లో దూది పెట్టుకొని, మీద తువ్వాలు చుట్టుకొని గుడి ముందు కూర్చున్నాడు. డప్పులను మాత్రం దూరంగా ఉంచమని నేనే వాళ్ళను బతిమాలుకున్నాను. నేను ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను. పొద్దున్నుంచి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

మధ్యాహ్నం పక్క ఊళ్ళ జనం ట్రాక్టర్లలో వచ్చారు. ఒకదాని వెనక ఒకటి గుట్ట ఎక్కి, గుడి కనిపించగానే అన్నీ కలిసి హారన్ దండం పెట్టాయి. ఆ మోత కొండకు తగిలి తిరిగొచ్చింది. నాకే పళ్ళు జిల్లుమన్నాయి. బావ తువ్వాలు జారింది. చేతులు చెవుల మీద ఉన్నాయి. భుజాలు, మెడ, దవడ, అన్నీ వణకడం మొదలుపెట్టాయి. ఆపుకోవాలని చూస్తున్న కొద్దీ ఇంకా వణికాడు. నోటి నుంచి ఒక మూలుగు వచ్చింది.

"అమ్మ అచ్చింది! అయ్య మీదికి అమ్మ అచ్చింది!" అని ఎవరో అరిచారు.

క్షణంలో ఆయన చేతుల్లో వేపమండలు పెట్టారు. నుదుటి నిండా పసుపు, కాళ్ళ మీద బిందెల కొద్దీ నీళ్ళు. ట్రాక్టర్ల వాళ్ళు సంతోషంతో ఇంకా కొట్టారు. ఆయన ఇంకా ఊగాడు. ఒళ్ళు తూట్లు పడుతున్న మనిషిని చూసి వాళ్ళు చేతులు జోడిస్తున్నారు. లాక్కుపోదామని బావ చెయ్యి పట్టుకోబోయాను. నలుగురు నన్ను వెనక్కి నెట్టారు. మా అక్క జుట్టు విరబోసుకొని వచ్చి బావ పాదాల మీద పడింది.

"తల్లీ, ఏం తక్కువ చేసిన? తప్పుంటే చెప్పు. ఏం గావాల్నో అడుగు తల్లీ," అని ఏడ్చింది.

అప్పుడు నాకు తట్టింది. ఇప్పుడు ఆయన ఏమడిగితే అది జరుగుతుంది. డాక్టరు చెప్పలేనిది, నేను చెప్పలేనిది, ఎర్ర అక్షరాలు చెప్పలేనిది ఆయన చెప్పగలడు. చెప్పు బావా, చెప్పు అని లోపల మొత్తుకున్నాను. బావ కళ్ళు తెరిచి అక్కను చూశాడు.

"సప్పుడు వద్దు," అన్నాడు. "ఆరన్ గొట్టకుర్రి. నా చెవులు పగుల్తున్నయ్. గీ మూల మీద ఎవ్వలు సప్పుడు చెయ్యకుర్రి."

డప్పులు ఆగాయి. ఎవరో ట్రాక్టర్ల వైపు పరిగెత్తి, "బందు వెట్టుర్రి, అమ్మకు సప్పుడు పడదంట," అని అరిచారు. ఇంజన్లు కూడా ఆగాయి. కొండ మీద టేకు ఆకుల చప్పుడు తప్ప మరేం లేదు. బావ వణుకు మెల్లగా తగ్గింది. అక్క తల మీద చెయ్యి పెట్టి, పక్కకు ఒరిగాడు. నిద్రపోయాడు. వందలాది మంది నిలబడి చూస్తుండగా నోరు తెరుచుకొని నిద్రపోయాడు.

ఇప్పుడు ఆ రోడ్డంత నిశ్శబ్దమైన రోడ్డు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. మోటారుసైకిల్ వాళ్ళు మలుపుకు ముందే ఇంజన్ ఆపి నెట్టుకుంటూ పోతున్నారు. బస్సు డ్రైవరు పిల్లిలా దాటుతున్నాడు. డీజే లేకుండా దావతు ఏం దావతని తాగేవాళ్ళు వేరే గుట్ట చూసుకున్నారు. ఆ గుట్ట మీది రోడ్డు గతి ఏమయిందో తలుచుకోను. నాకు సంతోషమే. అయినా నాలుగు ముక్కల తెలుగులో రాసి పాతితే కళ్ళకు ఆనని మాట, ఒక జబ్బు మనిషి వణికితే తలకెక్కింది గదా అని తలుచుకున్నప్పుడల్లా నాకు మళ్ళీ ఒళ్ళు మండుతుంది.

మొన్న కందులు ఇంటికొచ్చే రోజుల్లో వెళ్ళాను. ఇద్దరం ఘాట్ ఎక్కాం. బావ మొహం తేటపడింది, కళ్ళ కింద సంచులు పోయాయి. పైన ఎప్పుడూ కూర్చునే బండ మీద కూర్చున్నాడు గానీ కళ్ళు మూసుకోలేదు.

"నిద్ర మంచిగ పడుతుందా బావా?" అన్నాను.

"పడుతుంది," అన్నాడు. "మీ అక్క నన్ను తిడ్తలేదు రా బామ్మర్దీ," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"బోనాల కాన్నుంచి ఒక్క మాట లేదు. పొద్దుగాల లేసి కాళ్ళు మొక్కుతది. నన్ను మీరు అంటది. నా పక్కకు మంచం మీద కూసోది. అంటు అయితదంట. చెప్పిన రా. అమ్మ లేదు, గిమ్మ లేదు, నా చెవుల బాధకు నేనే అన్న అని ఒట్టేసి చెప్పిన. అమ్మనే గట్ల అనిపిస్తుంది నీతోని అంటది."

ఇద్దరం సైకిళ్ళు దించుకొని ఇంటికి వచ్చాం. అక్క వాకిట్లో పట్టా పరిచి కందులు ఎండబోసింది. బావ ఆగలేదు. దిగలేదు కూడా. ఆమెను చూస్తూనే, బురద టైర్లతో నేరుగా ఆ కందుల మధ్య నుంచి తొక్కుకుంటూ పోయాడు. గింజలు చెల్లాచెదరయ్యాయి. పట్టా మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నల్లటి గీత పడింది. సైకిల్ ఆపి వెనక్కి తిరిగి ఆమె నోటి వంక చూస్తూ నిలబడ్డాడు.

అక్క చెప్పులు విడిచి వచ్చింది. వంగి, టైరు కింద నలిగిన కందులు గుప్పెడు ఏరి, కళ్ళకద్దుకొని, కొంగున ముడేసుకుంది.